సరిహద్దు బడిలో గ్రూపు చర్చ: తెలుగులో తేల్చుకోనివ్వండి, ఒడియాలో రాయించండి

అడిగిన ప్రశ్న క్లుప్తంగా ఇది: "గజపతి జిల్లాలో కాశీనగర్ వైపు ఒక హైస్కూల్లో సైన్స్ చెప్తున్నాను. చేరి ఐదు నెలలైంది. ఎనిమిదో తరగతిలో 54 మంది. చదువు ఒడియాలో. ఇంట్లో చాలామందికి తెలుగు, కొందరికి ఒడియా, చివరి బెంచీల్లో ఆరుగురికి సవర. ట్రైనింగ్‌లో గ్రూపు డిస్కషన్లు పెట్టమన్నారు. పెడితే గ్రూపుకి ఒకరిద్దరే మాట్లాడతారు, మిగతావాళ్లు కబుర్లు. పక్క క్లాసు సారు హెచ్‌ఎం దగ్గర కంప్లైంట్ చేశారు. సవర పిల్లలైతే నోరే విప్పరు. మానేసి మామూలుగా పాఠం చెప్పుకోవడమే మేలా?"

అమ్మా, మానేయకండి. ఒక పది రోజులు ఆపి, మళ్లీ మొదలుపెట్టండి.

గజపతి, రాయగడ జిల్లాల్లో 29 ఏళ్లు లెక్కలూ సైన్సూ చెప్పి రిటైరైనవాణ్ణి. మీరు రాసింది చదువుతుంటే నా మొదటి నాలుగేళ్లు గుర్తొచ్చాయి, పక్క క్లాసు సారుతో సహా. మీరు గోల గురించి రాశారు, ఎంతమంది పిల్లలో రాశారు. గ్రూపులకు ఏ ప్రశ్న ఇచ్చారో మాత్రం రాయలేదు. "మొక్కలు ఆహారం ఎలా తయారు చేసుకుంటాయి? చర్చించండి" లాంటిదే ఇచ్చి ఉంటారని నా అనుమానం. అందులో చర్చించడానికేముంది? జవాబు పుస్తకంలో ఉంది. చదివినవాడు చెప్పేస్తాడు, చదవనివాడికి చెప్పడానికేమీ ఉండదు. మిగిలిన పది నిమిషాలూ వాళ్లు సినిమా గురించి మాట్లాడుకున్నారంటే తప్పు పట్టలేను, టీచర్ల మీటింగుల్లో మనం చేసేదీ అదే.

టీ కొట్టు దగ్గర జనం దేని మీద వాదించుకుంటారో గమనించండి. ఎవరికీ పూర్తిగా తెలియని సంగతి అయ్యుండాలి, ప్రతివాడికీ దానిలో ఎంతోకొంత అనుభవం ఉండాలి. ఈ ఏడు వానలు ఎలా ఉంటాయి, ఫలానావాడు ఎలక్షన్లో ఎందుకు ఓడాడు, ఇలాంటివి. క్లాసులో ఇచ్చే ప్రశ్నకు కూడా ఆ రెండు గుణాలూ కావాలి.

నా క్లాసులో జరిగిన ఒకటి చెప్తాను. అదీ ఎనిమిదో తరగతే. మా బడి ఆవరణలో పెద్ద చింతచెట్టు ఉండేది. పాఠం పేరు కూడా చెప్పకుండా కిటికీలోంచి దాన్ని చూడమన్నాను. "ఇది ఒకప్పుడు చింతగింజ. ఇవాళ నరికితే లారీడు కట్టె. ఇంత బరువూ ఎక్కణ్ణుంచి వచ్చింది? ఒకటి మట్టి, రెండు నీళ్లు, మూడు గాలి, నాలుగు ఎండ." ఎవరి జవాబు వాళ్లు గుండెకి ఆనించుకుని వేళ్లతో చూపించాలి, పక్కవాడికి కనబడకూడదు. సగానికి పైగా మట్టి అన్నారు. నీళ్లు అన్నవాళ్లు పదిహేనుమంది దాకా. ఎండ అని కొందరు. గాలి అన్నది నలుగురే, అందులో ఇద్దరు నన్ను నవ్వించడానికే.

జవాబు చెప్పకుండా నలుగురేసి కూర్చుని తేల్చుకోమన్నాను. మట్టి పార్టీవాళ్లది ఒకటే మాట: మట్టి కాకపోతే ఎరువెందుకు వేస్తున్నట్టు? ముందు బెంచీలో ఒక అమ్మాయి అడ్డం తిరిగింది. "అంత మట్టి తినేస్తే చెట్టు కింద గొయ్యి పడాల కదేటి?" దానికి ఎవరి దగ్గరా జవాబు లేదు. చివరి గ్రూపులో ఇద్దరు సవర పిల్లలు, ఇద్దరు తెలుగు పిల్లలు. ఆ సవర పిల్లల్లో ఒకడు జూన్ నుంచి అప్పటిదాకా నాతో మాట్లాడింది "హాజరు సార్" ఒక్కటే. వాడు సవరలో ఏదో అన్నాడు, పక్కనున్నవాడు తెలుగులోకి మార్చాడు. "వీళ్లు కొండ మీద పోడు కొడతారంట సార్. ఇంత లావు మాను కాల్చినా బూడిద తట్టెడే మిగులుతాదంట." తెలుగు పిల్లల్లో ఒకడు, "మరి మిగతాది ఏటైపోయింది?" అన్నాడు. "పొగైపోయింది." "పొగెక్కడికెళ్లింది?" కాసేపు నలుగురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత ఆ తెలుగు పిల్లాడే మెల్లగా, "గాలిలోకి పోయిందంటే గాలిలోంచే వచ్చిందేమో రా" అన్నాడు.

నేను వాళ్ల వెనక నిలబడి ఉన్నాను. ఒళ్లు జలదరించింది. ఎండు కట్టెను కాలిస్తే మిగిలే బూడిద సుమారుగా నూటికి ఒకటి రెండు పాళ్లు. చెట్టు మట్టిలోంచి తీసుకున్న ఖనిజాలు చాలావరకు అందులోనే ఉంటాయి. మిగతా కట్టె అంతా గాలిలోని కార్బన్ డయాక్సైడూ వేళ్లు పీల్చిన నీళ్లూ ఎండ బలంతో కలిసి అయిందే. పదిహేడో శతాబ్దంలో వాన్ హెల్మాంట్ అనే ఆయన తొట్టిలో ఒక విల్లో మొక్క నాటి, ఐదేళ్లు నీళ్లు మాత్రమే పోసి తూచాడు. రెండున్నర కిలోలు కూడా లేని మొక్క సుమారు 77 కిలోలైంది, మట్టి తగ్గింది 60 గ్రాములు కూడా లేదు. కాబట్టి అంతా నీళ్లే అనుకున్నాడాయన, గాలి సంగతి తట్టలేదు. మా క్లాసులో నీళ్ల పార్టీవాళ్లకు ఈ కథ చెప్తే మహా సంబరపడ్డారు, తమతో పాటు పొరబడిన పెద్దమనిషి ఒకడున్నాడని.

ఆ తరవాత బోర్డు మీద ఒడియా పదాలు రాశాను. 'ఆలోకశ్లేషణ', 'అంగారకామ్ల'. అంగారం అంటే బొగ్గు. చెట్టు గాలిలోంచి బొగ్గు తీసి దాచుకుంటుంది, పోడులో మీవాళ్లు దాన్ని మళ్లీ గాలికి ఇచ్చేస్తారు అంటే ఆ పిల్లాడు తలెత్తి నవ్వాడు. ఈ వాక్యం నేను ముందే పాఠంగా చెప్పి ఉంటే పరీక్షదాకా ఉండేది, ఆ తరవాత పోయేది. ఇంకొకటి గమనించండి. ఆ జవాబు నలుగురిలో ఏ ఒక్కడికీ తెలియదు. ఒకడి దగ్గర బూడిద ఉంది, ఒకడి దగ్గర ప్రశ్న ఉంది. గ్రూపు వల్ల ఒరిగేది అక్కడే. తెలిసినవాడు తెలియనివాడికి అప్పజెప్పడమే అయితే దానికి గ్రూపెందుకు, మీరున్నారు కదా.

ఇప్పుడు భాష సంగతి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా క్లాసులో తెలుగు మాట వినిపిస్తే బెంచీ ఎక్కించేవాణ్ణి. నేనూ తెలుగువాణ్ణే అయ్యుండి. ఒడియా మీడియం కాబట్టి ఒడియాలోనే మాట్లాడించాలి, లేకపోతే మెట్రిక్ పరీక్షలో దెబ్బతింటారని భయం. ఫలితం ఏమైందంటే క్లాసు ప్రశాంతంగా ఉండేది, ఎవడూ ఏమీ ఆలోచించేవాడు కాదు. నేర్చుకుంటున్న భాషలో తెలిసిన సంగతి చెప్పొచ్చు. ఇంకా తెలియని సంగతిని తడుముకుంటూ, సగం వాక్యం అని మళ్లీ సర్దుకుంటూ మాట్లాడాలంటే ఇంటి భాషే కావాలి. చర్చంటేనే సగం వాక్యాలు.

అందుకని నా పద్ధతి ఇలా మారింది. గ్రూపులో ఏ భాషైనా సరే. తేలిన సంగతి రెండు వాక్యాల్లో ఒడియాలో రాసి చూపించాలి, తప్పులున్నా ఫరవాలేదు. బోర్డు పక్కన ఒక చార్టు. దాని మీద మూడు వరసలు: ఒడియా మాట, తెలుగు మాట, సవర మాట. సవర మాటలు పిల్లలే చెప్తారు, మనం ఒడియా లిపిలో రాసుకుంటాం. నాకొచ్చిన సవర అంతా ఆ చార్టు మీద నేర్చుకున్నదే. మన పర్లాకిమిడిలో పాఠాలు చెప్పుకుంటూ సవర నేర్చుకుని, ఆ పిల్లలకు ఆ భాషలోనే చదువు చెప్పించడానికి తంటాలు పడిన గిడుగు రామమూర్తి గారి ఊరివాళ్లం. చార్టు మీద నలభై మాటలు రాయడం మనకొక లెక్కా? ఇంటి భాషలో చదువు ఉండాలని 2020 జాతీయ విద్యా విధానం కనీసం ఐదో తరగతి వరకూ అంటోంది. ఎనిమిదిలో గ్రూపు పని ఇంటి భాషలో జరిగితే వద్దనేవాళ్లు ఎవరూ లేరు. ఎవరైనా అడిగితే నోటుబుక్కుల్లో ఒడియా చూపించండి.

గ్రూపులు ఎలా వేయాలన్నది ఎక్కువమంది అడిగేది గానీ, నా దృష్టిలో అంత పెద్ద సంగతేం కాదు. నలుగురు చాలు. ఆరుగురైతే ఇద్దరు దాక్కుంటారు. రథయాత్రలో తాడు పట్టుకున్నవాళ్లంతా లాగుతున్నట్టే కనిపిస్తారు, ఎవరు లాగుతున్నారో జగన్నాథుడికే తెలియాలి. బెంచీలు జరపకండి, అక్కడే సగం గోల. ముందు బెంచీ ఇద్దరూ వెనక్కి తిరిగితే నలుగురైపోతారు. ఆడపిల్లల్నీ మగపిల్లల్నీ మొదటిరోజే కలపాలని పంతం పట్టకండి, మన ఊళ్లలో వాళ్లకు దానివల్ల ఇంకా బిగుసుకుపోవడమే తప్ప లాభం లేదు. రెండు నెలలయ్యాక లెక్కలు చేసేటప్పుడు వాళ్లే అడుగుతారు.

సవర పిల్లల్ని ఎలా కూర్చోబెట్టాలన్నది మాత్రం ఆలోచించి చేయాలి. ఒక్కొక్కణ్ణి ఒక్కో గ్రూపులో వేస్తే కలిసిపోతారని ట్రైనింగుల్లో చెప్తారు. నేను చేసి చూశాను, ఆరుగురూ ఆరుచోట్ల మౌనంగా కూర్చున్నారు. ఇద్దరిద్దరిని కలిపి వేయండి. పక్కన తమ భాషవాడు ఒకడుంటే ముందు వాడితో అంటారు, వాడు మిగతావాళ్లతో అంటాడు. ఇంకో మాట. "మీ కొండమీద ఎలా ఉంటుందో చెప్పు" అని అందరిముందూ లేపి అడగకండి. నా క్లాసులో పోడు మాట వాడంతట వాడు తెచ్చాడు కాబట్టి అది గౌరవమైంది. నేనడిగి ఉంటే వాడు ఎగ్జిబిషన్ అయ్యేవాడు.

ప్రశ్న అడిగాక ఎంతసేపు ఆగుతున్నారో ఒకసారి చూసుకోండి. అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల ప్రాంతంలో సైన్స్ క్లాసుల్ని టేపుల్లో రికార్డు చేసి చూసింది. టీచర్లు ప్రశ్న అడిగి సగటున ఒక్క సెకనే ఆగుతున్నారు. దాన్ని మూడు సెకన్లకు పెంచితే జవాబులు పొడుగయ్యాయి, ఎప్పుడూ మాట్లాడనివాళ్లు మాట్లాడారు. మన పిల్లలు ఒడియా ప్రశ్నను లోపల తెలుగులోకో సవరలోకో మార్చుకోవాలి కాబట్టి మూడు సెకన్లు కూడా చాలవు. నేను ఒక నిమిషం ఇచ్చేవాణ్ణి. ఆ నిమిషం ఎవరూ మాట్లాడకూడదు, తమ జవాబు నోటుబుక్కు మూలన రాసుకోవాలి. టీచరుకి ఆ నిమిషం ఎంత పొడుగ్గా ఉంటుందో అనుభవిస్తేగానీ తెలియదు. నేను చాక్‌పీసు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంటూ నోరు కట్టేసుకునేవాణ్ణి.

వేళ్లతో ఓటు వేయించడం నేను కనిపెట్టింది కాదు. హార్వర్డ్‌లో ఎరిక్ మజూర్ అనే ఫిజిక్స్ ప్రొఫెసర్ 1991 నుంచి పెద్ద క్లాసుల్లో చేస్తున్నదే. ముందు ఎవరికివారు జవాబు, తరవాత పక్కవాడితో వాదన, మళ్లీ జవాబు. ఆయన లెక్కలో ముఖ్యమైన కిటుకు ఒకటుంది. మొదటి ఓటులోనే దాదాపు అందరూ కరెక్టయితే చర్చ దండగ, ముందుకు వెళ్లిపోవాలి. మరీ తక్కువమంది కరెక్టయితే గ్రూపుల్లో వాదించే సత్తువ ఉండదు, కొంచెం చెప్పి మళ్లీ అడగాలి. సుమారు మూడోవంతు నుంచి మూడింట రెండు వంతుల దాకా కరెక్టుగా ఉన్నప్పుడే చర్చ బాగా రాజుకుంటుంది. చింతచెట్టు రోజు ఈ లెక్క ప్రకారం నేను చర్చ పెట్టకూడదు. పోడు కొట్టే పిల్లాడు ఉన్నాడు కాబట్టి బతికిపోయాను.

చర్చ జరుగుతున్నప్పుడు మనమేం చేయాలి? తిరగాలి, వినాలి, నోరు మూసుకోవాలి. ఏ గ్రూపు దగ్గర ఆగినా పిల్లలు మాట్లాడటం ఆపి మన మొహం చూస్తారు, జవాబు అక్కడ రాసుంటుందని. అందుకే నేను వాళ్ల వీపుల వైపు నిలబడేవాణ్ణి. చిన్న పుస్తకంలో విన్న మాటలు రాసుకునేవాణ్ణి, ముఖ్యంగా తప్పు మాటలు. ఆఖర్లో "ఒక గ్రూపులో ఇలా అన్నారు, మీరేమంటారు?" అని పేరు చెప్పకుండా ముందు పెట్టాలి. అన్నవాడికి పరువు పోదు. నెల తిరిగేసరికి "సార్, అది నేనే అన్నాను" అని వాళ్లే చేతులెత్తుతారు.

ఎవరు చెప్పాలన్నది ఎప్పుడూ ముందు తేల్చకండి. లీడర్ని పెట్టారంటే మిగతా ముగ్గురికీ సెలవు ఇచ్చినట్టే. ఖాళీ హార్లిక్స్ డబ్బాలో రోల్ నంబర్ల చీటీలు వేసుకుని, చర్చ అయ్యాక ఒకటి తీయండి. ఎవరి నంబరు వస్తే వాళ్లు గ్రూపు తరఫున చెప్పాలి. తమ నంబరు రావచ్చు కాబట్టి వింటారు, పక్కవాడి నంబరు రావచ్చు కాబట్టి వాడికి నేర్పుతారు. మార్కులు మాత్రం ఎవరివి వాళ్లకే. గ్రూపు మొత్తానికి ఒకే మార్కు వేస్తే చదివేవాడు ఏడుస్తాడు, చదవనివాడు నవ్వుతాడు, మర్నాడు ఇద్దరి తల్లిదండ్రులూ వస్తారు.

ఇంకో పద్ధతి ఉంది, దాన్ని జిగ్‌సా అంటారు. 1971లో టెక్సస్‌లోని ఆస్టిన్‌లో వేరువేరు జాతుల పిల్లల్ని ఒకే బడిలో చేర్చినప్పుడు తగువులు వస్తుంటే ఎలియట్ అరాన్సన్ అనే సైకాలజిస్టు పెట్టినది. పాఠాన్ని ముక్కలు చేసి గ్రూపులో ఒక్కొక్కరికి ఒక్కో ముక్క ఇస్తారు. ఒకే ముక్క వచ్చినవాళ్లంతా ముందు ఒకచోట చేరి దాన్ని అర్థం చేసుకుంటారు, తరవాత తమ గ్రూపులోకి వెళ్లి మిగతావాళ్లకు చెప్తారు. ఎవరి ముక్క లేకపోయినా బొమ్మ పూర్తి కాదు, కాబట్టి ఎవరినీ తీసిపారేయడానికి ఉండదు.

నేను వంశధార మీద చేశాను. కలహండి కొండల్లో పుట్టుక ఒకరికి, గుణుపురం దగ్గర పొలాలు ఒకరికి, హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ ఒకరికి, కళింగపట్నం దగ్గర సముద్రంలో కలిసేది ఒకరికి. చివర్లో నీళ్లు రెండు రాష్ట్రాలకూ ఎలా పంచాలన్నది ప్రశ్న. మా పిల్లల్లో చాలామంది అమ్మమ్మల ఊళ్లు పాతపట్నం, హిరమండలం వైపే. ఒడిశా తరఫున గట్టిగా వాదించిన పిల్లాడు మధ్యలో ఆగి "మరి మా మావయ్య పొలానికో?" అన్నాడు. రెండు ప్రభుత్వాలు ఏళ్ల తరబడి ట్రిబ్యునల్ ముందు వాదించుకున్న సంగతి అక్కడ ఒక్క ముక్కలో వచ్చేసింది.

అదే పద్ధతి మరుసటి ఏడు చేస్తే ఘోరంగా దెబ్బతిన్నాను. జులై నెల, ఉభాలు, అంటే వరినాట్లు, జోరుగా సాగుతున్నాయి. ముందురోజు ముక్కలు పంచాను, తెల్లారితే పదకొండుమంది రాలేదు. ఏ గ్రూపు చూసినా ఏదో ముక్క లేదు, గొట్టా బ్యారేజీ అయితే అసలు క్లాసులోనే లేదు. పీరియడంతా నేనే చెప్పుకున్నాను. అప్పట్నుంచి ఒక్కో ముక్క ఇద్దరికి ఇచ్చేవాణ్ణి, పంచడం కూడా అదే రోజు. ఉభాలప్పుడు, కోతలప్పుడు, సంత రోజుల్లో జిగ్‌సా జోలికే పోయేవాణ్ణి కాదు.

పక్క క్లాసు సారు గురించి. నా మీదా కంప్లైంట్ వెళ్లింది. హెచ్‌ఎం పిలిచి "ఇది బడా, బజారా?" అన్నారు. అప్పుడు వాదించాను, తప్పు చేశాను. తరవాత చేసింది పనిచేసింది: వారంలో రెండు రోజులే, పన్నెండు నిమిషాలే, అదీ ఏ రోజో పక్క సారుకి ముందే చెప్పి. ఎండ లేకపోతే చెట్టు కిందికి తీసుకెళ్లేవాణ్ణి. ఇంకోసారి హెచ్‌ఎం గారినే ఒక గ్రూపులో ఐదో మనిషిగా కూర్చోబెట్టాను. ఆయన చింతచెట్టు ప్రశ్నకు మట్టి అన్నారు. ఆ తరవాత కంప్లైంట్లు రాలేదు.

అన్నిటికీ గ్రూపులు పనికిరావు. ఒడియా గుణింతాలు, ఒక లెక్కను మొదటిసారి చేసే పద్ధతి, రసాయన సమీకరణాలు తుల్యం చేయడం, ఇవి మీరే బోర్డు మీద తిన్నగా చెప్పండి. ఏమీ తెలియని నలుగురు కలిసి కూర్చుంటే నాలుగు రెట్లు తెలియకపోవడమే అవుతుంది. పద్ధతి వచ్చాక, "ఈ లెక్క తప్పు చేసినవాడు ఎక్కడ పొరబడ్డాడో పట్టుకోండి" అని ఇస్తే మాత్రం గ్రూపులు అద్భుతంగా పనిచేస్తాయి. పక్కవాడి తప్పు పట్టడంలో ఉన్న ఉత్సాహం పిల్లలకు దేనిలోనూ ఉండదు.

సాయంత్రాలు అరుగుల మీద కలిసి చదువుకునే పదో తరగతి పిల్లలకు కూడా ఒకటే చెప్పండి. ఒకడు పైకి చదువుతుంటే మిగతావాళ్లు వింటే అది పారాయణ. పుస్తకం మూసేసి ఒకడు చెప్పాలి, మిగతావాళ్లు ఎక్కడ అర్థం కాలేదో అక్కడ ఆపాలి.

మళ్లీ మొదలుపెట్టే రోజుకి మీకు రెండు ప్రశ్నలు. పగలు కూడా చంద్రుడు కనిపిస్తాడా? తడిబట్ట ఎండలో ఆరుతుంది సరే, నీడలో ఎందుకు ఆరుతుంది? మూడోది గ్లాసులో ఐసుముక్క వేసి, అది తేలేలా అంచుదాకా నీళ్లు పోసి, ఐసు కరిగితే నీళ్లు పొర్లుతాయా అన్నది. ప్రశ్న మంచిదే, పొర్లవని తేలేలోపు రెండు పార్టీలూ కొట్టుకుంటాయి. కానీ దాన్ని వేసవిలో పెట్టకండి. మా క్లాసులో ఓటింగు అయ్యేలోగా ఐసు తినేశారు.